ఏమీ ఎరగని నికెల్ గారికి

మహారాజశ్రీ నికెల్ గారి సముఖమునకు,

అమ్మోనియా ప్లాంటులో, సహజవాయువు నుంచి హైడ్రోజను తీసే రిఫార్మర్ కొలిమి చుట్టూ పగలూ రాత్రీ తిరిగిన ఒక షిఫ్ట్ ఇంజినీరు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఉత్ప్రేరకం చర్యను వేగవంతం చేస్తుందే తప్ప తాను మార్పు చెందదని బడిలో మాచేత వల్లె వేయించారు. ఊళ్లో ప్రతి పంచాయితీకీ హాజరై, ఏ కాగితం మీదా వేలిముద్ర వేయని పెద్దమనిషికి కూడా ఇంతటి యోగ్యతాపత్రం దొరకదు. ఆ మాట నమ్మి ఉద్యోగంలో చేరినవాణ్ణి కనుక, మా ప్లాంటులో ఉత్ప్రేరక పదవి వెలగబెడుతున్న మీ సంగతులు కొన్ని మీకే మనవి చేసుకుంటున్నాను.

సహజవాయువులోని మీథేనును నీటి ఆవిరితో కలిపి, సుమారు 800 డిగ్రీల వేడిలో, మీరు కొలువుదీరిన గొట్టాల గుండా పంపిస్తాం. ఒక మీథేన్ అణువు, ఒక నీటి అణువు లోపలికి వెళితే ఒక కార్బన్ మోనాక్సైడు, మూడు హైడ్రోజన్ అణువులు బయటికి వస్తాయి. మోల్‌కు 206 కిలోజౌళ్ల వేడి మింగే ఈ వ్యవహారంలో మీరు ఒక్క కిలోజౌలైనా తగ్గించిపెట్టరు. గొట్టాల వెలుపల మరికొంత గ్యాసు తగలబెట్టి ఆ భారమంతా మేమే మోయాలి. పౌరోహిత్యం మీది, సమిధలు మావి.

అన్నిటికంటే విడ్డూరం మీ రెండిళ్ల కాపురం. అదే ప్లాంటులో, ఆ చివరనున్న మీథనేటర్‌లోనూ మీరే ఉంటారు. అక్కడ 300 డిగ్రీల దగ్గర, మిగిలిపోయిన కాస్త మోనాక్సైడుకు మేము అంత కష్టపడి తీసిన హైడ్రోజనునే అంటగట్టి, తిరిగి మీథేను చేసేస్తారు. మోనాక్సైడు ముందుకు పోతే అమ్మోనియా తయారుచేసే ఇనుము ఉత్ప్రేరకం చెడుతుంది కనుక, మిమ్మల్ని అక్కడ నియమించిందీ మేమేననుకోండి. అయినా ఒక గుమ్మంలో విడాకులు ఇప్పించి, మరో గుమ్మంలో అదే జంటకు ముడివేసి, రెండుచోట్లా నిమిత్తమాత్రుణ్ణనే పెళ్లిళ్ల పేరయ్యను నేనింకెక్కడా చూడలేదు. ఫ్రాన్సులో పాల్ సబాతియే 1902లో తన సహచరుడితో కలిసి మీలో కనిపెట్టింది ఈ ముడివేసే విద్యనే.

ఇక మార్పు చెందరన్న మాట. ఒక తెల్లవారుజామున కొలిమి గోడలోని పీప్ హోల్ తెరిచి, నీలి అద్దం అడ్డుపెట్టుకొని చూశాను. పది మీటర్ల గొట్టాలన్నీ ఒకే ముదురు రంగులో కుదురుగా నిలబడి ఉండగా, ఒకదాని పైభాగంలో మాత్రం మూరెడు వెడల్పున పట్టీ ఒకటి నిప్పుకణికలా మెరుస్తోంది. మీరు పనిచేస్తున్నంతసేపూ చర్య వేడిని తాగేస్తుంది కనుక గొట్టం చల్లగా ఉంటుంది (చల్లదనమంటే మా లెక్కలో 850 డిగ్రీలు). మీరు కునుకు తీసిన చోట వేడి తాగే దిక్కులేక లోహం ఎర్రబడుతుంది. షట్‌డౌనులో ఆ గొట్టాన్ని ఖాళీ చేస్తే, చిట్టి చిల్లుగారెల్లాంటి మీ బిళ్లలు మసిబారి, సగం పొడిగా రాలాయి. మీథేను నుంచి ఊడిన కార్బనును సన్నని పోగులుగా పెంచి, ఆ పోగు కొనన మీ రేణువే ఎక్కి కూర్చోవడం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లో చూశాను. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి కథ విన్నాను గాని, కూర్చోవడానికి మసితో కొమ్మ పెంచుకున్నవారు మీరొక్కరే.

గంధకం లేశమాత్రం సోకినా మీరు మంచం పడతారు. అందుకే గంధకాన్ని పట్టేసే జింక్ ఆక్సైడు గారిని ముందే కాపలా పెట్టాం. రుథీనియం, రోడియం గార్లు మీకంటే చురుకైనవారు, మసి తక్కువ పట్టేవారు. కాని టెండరులో తక్కువ ధర మీది.

ఈ దారిలో కిలో హైడ్రోజనుకు 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడు లెక్క తేలుతుంది. అందులో కొంత మా దగ్గర యూరియాలో దాక్కొని, చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రైతు భుజమెక్కి, పొలం చేరాక మళ్లీ గాలిలో కలుస్తుంది. పొగగొట్టం పేరు, రైతు పేరు నివేదికల్లో ఉంటాయి. మీ పేరు ఉండదు.

మీకు కొత్త కొలువు కూడా సిద్ధమవుతోందని విన్నాను. ఆవిరి లేకుండా మీథేనును నేరుగా కార్బన్‌గా, హైడ్రోజన్‌గా చీల్చే పద్ధతిలో, కరిగిన బిస్మత్‌లో మిమ్మల్ని 27 శాతం కలిపి, 1065 డిగ్రీల దగ్గర 95 శాతం మీథేనును మార్చినట్టు 2017లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. అక్కడ మసి మిమ్మల్ని కప్పకుండా పైకి తేలుతుందట. మేము ఛీకొట్టిన ఆ మసే అక్కడ అమ్మకపు సరుకు.

ఇట్లు,
విధేయుడైన షిఫ్ట్ ఇంజినీరు

తా.క.: మీ వారసులు డ్రమ్ముల్లో గోదాముకు చేరారు. ఆక్సైడు వేషంలో వచ్చిన వారు, ముందుగా కొంత హైడ్రోజనుతో చేయి తడపనిదే ఆక్సిజన్ వదిలి పనిలోకి దిగరట. హైడ్రోజన్ ఇవ్వడానికి పుచ్చుకున్న ఈ హైడ్రోజనును ఏ పద్దు కింద వ్రాయాలో మా అకౌంట్స్ వారు అడుగుతున్నారు.