తయారీ లోపం గారికి నియామక పత్రం

మహారాజశ్రీ తయారీ లోపం గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. మిమ్మల్ని వదిలించుకోవడానికి చిప్పుల ఫ్యాక్టరీలు ఎంత తగలేశాయో మీకు తెలియనిది కాదు. గాలిలో దుమ్ము వడకట్టారు, మనుషులకు నఖశిఖ పర్యంతం ముసుగులు తొడిగారు. అయినా పక్కపక్కన పుట్టిన రెండు ట్రాన్సిస్టర్లు (చిప్పులోని బుల్లి స్విచ్చులు) అచ్చం ఒక్కలా రాకుండా మీరు చూసుకున్నారు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలే మీకు కాపలా ఉద్యోగం ఇచ్చి, వచ్చిన చిప్పు అసలుదో నకిలీదో తేల్చమంటున్నాయి. ఈ కొలువుకు ఇంగ్లీషులో పఫ్ (PUF, అంటే నకలు తీయలేని పుట్టుమచ్చ) అని పేరు. నిన్నటి ముద్దాయి ఇవాళ సాక్షి!

ఎస్‌రామ్ (SRAM) అనే, కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో మీ పనితనం మాత్రం ముచ్చటేస్తుంది. సున్నానో ఒకటినో దాచుకునే ఒక్కో గడికి మామూలుగా ఆరు ట్రాన్సిస్టర్లు. కరెంటు రాగానే, ఎవరూ ఏమీ రాయకముందే, గడి సున్నాకో ఒకటికో ఒరిగిపోతుంది. ఎటన్నది వెంట్రుకవాసి తేడాతో నిర్ణయించేది మీరే. వేల గడులు అలా ఒరిగితే వచ్చే వరస ఆ చిప్పుకే సొంతం, అందులోంచే సమాచారానికి తాళం వేసే రహస్య తాళంచెవి పుడుతుంది. కరెంటు తీస్తే అదీ మాయం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, దానికింత గిరాకీ వస్తుందని ఎవరనుకున్నారు?

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 2001లో రవికాంత్ పప్పు గారు చేసింది ఇంకా చిత్రం. చిన్న చిన్న గాజు పూసలు కలిపి గట్టిపరిచిన ఎపాక్సీ (ఒక రకం జిగురు) ముక్క మీదికి లేజర్ వేసి, అవతల పడే చుక్కల బొమ్మనే గుర్తింపుగా వాడారు. లేజర్ కోణం మారితే బొమ్మ మారుతుంది. పూసలు ఎక్కడెక్కడ ఇరుక్కున్నాయో కలిపినవాడికీ తెలియదు, మళ్లీ అలాగే కలపమంటే చేతులెత్తేస్తాడు. ఆ చేతకానితనమే ఇక్కడ భద్రత. నా బడి మాష్టార్లకు ఈ సంగతి ముందే తెలిసుంటే నాకు మంచి మార్కులు పడేవి.

అయితే మీ మీద ఫిర్యాదులూ ఉన్నాయి. కొన్ని గడులు నిన్న సున్నా అని, ఇవాళ ఒకటి అంటాయి. ఎండెక్కినా, చలేసినా, చిప్పు ముసలిదైనా వాంగ్మూలం మార్చేస్తారు. మీ తప్పులు దిద్దడానికి సహాయక డేటా అని ఒక గుమాస్తాను పెట్టాల్సి వచ్చింది, వాడు రహస్యం బయటపెట్టకుండా చూసుకోవడం మరో తలనొప్పి.

ఇక తాడిని తన్నేవాడు ఉంటే వాడి తలను తన్నేవాడూ ఉంటాడు. రెండు సంకేతాలకు పందెం పెట్టి, ఏది ముందొచ్చిందో చెప్పే రకం చిప్పుల్లో మిమ్మల్ని కూర్చోబెట్టారు. కొన్ని వేల ప్రశ్నలకు మీరిచ్చిన జవాబులు చూసి, మెషీన్ లెర్నింగ్ మిగతావి నూటికి 99 సార్లు ముందే చెప్పేస్తుందని 2010లో తేల్చారు. 2013లో బెర్లిన్ పరిశోధకులు అయాన్ (విద్యుదావేశమున్న కణాల) పుంజంతో ఒక చిప్పును చెక్కి, ఇంకో చిప్పు ఎస్‌రామ్ బుద్ధిని దానికి అంటించారు. అంత ఖరీదైన పనిముట్లు దొంగలందరి దగ్గరా ఉండవనుకోండి, అదొక ఊరట.

ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ మీ ప్రతాపం పెరుగుతుందట. ఒకే కప్పు కింద ఒక విభాగం మిమ్మల్ని తగ్గించడానికి, పక్క విభాగం మిమ్మల్ని అమ్ముకోవడానికి కష్టపడుతున్నాయి. మీకు ఇంక్రిమెంటు ఇవ్వాలో మెమో ఇవ్వాలో వాళ్లు తేల్చుకునేలోగా, దయచేసి నా కార్డు చిప్పులో సెలవు పెట్టకండి.

ఇట్లు,
మీ మీదే ఆధారపడ్డ ఓ కార్డుదారు