భరారా పెట్టిన కేసులు, పెట్టని కేసులు

అమెరికాలో ప్రాసిక్యూటర్‌గా పనిచేసిన ప్రీత్ భరారా పేరు మన దగ్గర రెండుసార్లు మారుమోగింది. 2012లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చినప్పుడు 'మనవాడు' అని మురిసిపోయాం. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లోని భారత డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడే అరెస్టయినప్పుడు, ఆ కేసు నడిపింది ఆయన కార్యాలయమే కాబట్టి, అమెరికా మెప్పు కోసం సొంతవాళ్లను పట్టిస్తున్నాడని తిట్టిపోశాం. మెచ్చుకోడానికీ తిట్టడానికీ మనకు పనికొచ్చింది ఆయన పుట్టుకే. చేసిన ఉద్యోగం సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు.

పుట్టుక గురించి చెప్పుకోవాల్సింది కొంచెమే. 1968లో పంజాబ్‌లోని ఫిరోజ్‌పుర్‌లో పుట్టి, పసితనంలోనే అమెరికా వెళ్లి, న్యూజెర్సీలో పెరిగారు. తండ్రి పిల్లల డాక్టరు. 1965లో అమెరికా వలస చట్టం మారాక వెళ్లిన డాక్టర్ల, ఇంజినీర్ల కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. హార్వర్డ్‌లో డిగ్రీ, కొలంబియాలో లా, కొన్నేళ్లు ప్రైవేటు సంస్థల్లో ప్రాక్టీసు, 2000లో ప్రాసిక్యూటర్ కొలువు. ఇందులో కష్టాల గాథ వెతికేవాళ్లకు దొరికేది తక్కువ.

2009 ఆగస్టులో ఆయన న్యూయార్క్ సదరన్ డిస్ట్రిక్ట్‌కు యూఎస్ అటార్నీ అయ్యారు. మన పబ్లిక్ ప్రాసిక్యూటర్‌తో పోల్చుకుంటే ఆ కుర్చీ బలం అర్థం కాదు. మన దగ్గర పోలీసులు దర్యాప్తు చేసి చార్జిషీటు వేశాక కోర్టులో వాదించడమే పీపీ పని. అక్కడ దర్యాప్తు దశ నుంచే ఎఫ్‌బీఐతో పాటు ప్రాసిక్యూటర్లూ దిగుతారు. ఎవరి మీద అభియోగం మోపాలి, ఎవరిని సాక్షిగా తిప్పుకోవాలి, ఏ కంపెనీని జరిమానాతో వదలాలి అన్నవి చాలావరకు వాళ్ల చేతిలోనే ఉంటాయి. పైగా వాల్‌స్ట్రీట్ ఉన్న మన్‌హాటన్ ఈ డిస్ట్రిక్ట్ కిందికే వస్తుంది.

ఆయనకు పేరు తెచ్చింది గ్యాలియన్ కేసు. కంపెనీల గుట్టు ముందే తెలుసుకుని షేర్లు కొంటున్నారన్న అనుమానంతో, గ్యాలియన్ అనే హెడ్జ్ ఫండ్ (సంపన్నుల డబ్బు మదుపు చేసే సంస్థ) అధిపతి రాజ్ రాజరత్నం ఫోన్‌ను 2008లోనే ట్యాప్ చేశారు. అంటే భరారా వచ్చేసరికే ఆయుధం సిద్ధంగా ఉంది. మాఫియా మీద, మాదకద్రవ్యాల ముఠాల మీద వాడే ఫోన్ ట్యాపింగును షేర్ల వ్యాపారి మీద ప్రయోగించడమే ఇందులో కొత్త. ట్యాపింగుకు అనుమతించే నేరాల జాబితాలో షేర్ల మోసం లేదని డిఫెన్స్ అభ్యంతరం చెప్పింది. రాజరత్నం మీద షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ అప్పటికే సాగిస్తున్న విచారణ వివరాలను అనుమతి కోరేటప్పుడు చెప్పకపోవడాన్ని విచారణ జడ్జి గట్టిగానే తప్పుపట్టారు. అయినా రికార్డింగులను సాక్ష్యంగా అనుమతించారు. 2011లో రాజరత్నానికి 11 ఏళ్ల జైలు పడింది.

కంపెనీలకు సలహాలిచ్చే మెకిన్సీ సంస్థ మాజీ అధిపతి రజత్ గుప్తా కేసు ఇంకా ఆసక్తికరం. 2008 సెప్టెంబరు 23న మదుపరి వారెన్ బఫెట్ గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకులో 500 కోట్ల డాలర్లు పెట్టబోతున్నారని దాని బోర్డు సభ్యుడిగా గుప్తాకు తెలిసింది. బోర్డు కాల్ ముగిసీ ముగియగానే రాజరత్నానికి ఫోన్ చేశారు. మార్కెట్ మూసేలోపే రాజరత్నం ఫండ్ గోల్డ్‌మన్ షేర్లు కొన్నది. ఆ సంభాషణ మాత్రం రికార్డు కాలేదు. రికార్డయింది మర్నాడు రాజరత్నం తన ట్రేడర్‌తో మాట్లాడిన మాటలు. మిగతాదంతా కాల్ సమయాలు, కొనుగోలు సమయాలు పక్కపక్కన పెట్టి అల్లిన వాదనే. 2012లో జ్యూరీ దాన్ని నమ్మింది.

ఇక్కడే నా అభ్యంతరం. ఇన్‌సైడర్ ట్రేడింగ్‌లో, అంటే కంపెనీ లోపలి రహస్య సమాచారంతో షేర్లు కొనడంలో, అమ్మడంలో, నేరం ఒక ఫోన్ కాల్‌లో ఒదుగుతుంది, జ్యూరీకి వినిపించొచ్చు. 2008లో ఆర్థిక వ్యవస్థను ముంచిన తనఖా బాండ్లు (ఇళ్ల అప్పులను కలిపి అమ్మిన పత్రాలు) అలా కాదు. లాయర్లు, ఆడిటర్లు, రేటింగ్ సంస్థలు అడుగడుగునా సంతకాలు పెట్టిన కాగితాలవి. ఫలానా అధికారికి మోసం చేసే ఉద్దేశం ఉందని నిరూపించే సాక్ష్యం లేకుండా కేసు పెట్టలేమన్నది భరారా వర్గం సమాధానం. అది తోసిపారేయదగ్గ మాట కాదు. కానీ దాని ఫలితం చూడండి: దొరకడానికి వీలైన నేరం వేటాడబడింది, ఎక్కువమందిని నష్టపరిచినది మిగిలిపోయింది. కొత్త మదుపరుల డబ్బుతో పాతవాళ్లకు చెల్లిస్తూ సాగిన బెర్నీ మేడాఫ్ మోసాన్ని చూసీ చూడనట్టు వదిలేసినందుకు జేపీ మోర్గాన్ బ్యాంకు 2014లో 170 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. అందులో ఒక్క ఉద్యోగి పేరు మీదా అభియోగం లేదు. ఎస్ఏసీ క్యాపిటల్ అనే హెడ్జ్ ఫండ్ ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసులో 2013లో నేరం ఒప్పుకుంది. యజమాని స్టీవెన్ కోహెన్ మీద క్రిమినల్ కేసు లేదు.

ఆ పైన 2014లో అప్పీలు కోర్టు న్యూమన్ అనే ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసులో ఇద్దరి శిక్షలు కొట్టేసింది. సమాచారం లీక్ చేసినవాడు ప్రతిఫలం పొందాడని, ఆ సంగతి కొన్నవాడికీ తెలుసని రుజువు చేయాలంది. ఆ దెబ్బకు మరికొన్ని కేసులూ కూలాయి. 2016లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొంత సడలించినా, చట్టం అంచుల దాకా వెళ్లి గెలిచిన కేసులకు భద్రత ఎంతో అప్పటికే తెలిసిపోయింది.

ఖోబ్రగడే విషయంలో మాత్రం ఆయన్ను తప్పుపట్టలేను. దుస్తులు విప్పించి తనిఖీ చేసింది యూఎస్ మార్షల్స్ (కోర్టు భద్రత, ఖైదీల బాధ్యత చూసే ఫెడరల్ అధికారులు), అది అవమానకరమే. ఆ కోపంలో మనవాళ్లు ఢిల్లీలో అమెరికా ఎంబసీ ముందు బ్యారికేడ్లు తీసేశారు. వీసా కాగితాల్లో గంటకు 9.75 డాలర్లు ఇస్తామని రాసి, అందులో సగం కూడా ఇవ్వలేదన్న అభియోగం ఒక పనిమనిషికి సంబంధించినది. ఆమె కూడా భారతీయురాలే. ఆ సంగతి గుర్తుచేసినందుకే భరారా మీద మనవాళ్లు మరింత మండిపడ్డారు.

2006లో బుష్ సర్కారు పలువురు యూఎస్ అటార్నీలను ఒక్కసారిగా తొలగించింది. దాని మీద సెనేట్ జరిపిన విచారణలో సెనేటర్ షూమర్ తరఫున ముఖ్యపాత్ర భరారాదే. అధ్యక్షుడు తలచుకుంటే కారణం చెప్పకుండానే సాగనంపవచ్చని, అడ్డు నిలిచేది ఆనవాయితీ తప్ప చట్టం కాదని ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు అరుదు. 2017 మార్చిలో 46 మందిని రాజీనామా చేయమన్నప్పుడు ఆయన ససేమిరా అన్నారు, ట్రంప్ తీసేశారు. ఆ తర్వాత పాడ్‌కాస్ట్, బోధన. 2022లో విల్మర్‌హేల్ అనే పెద్ద లా సంస్థలో భాగస్వామి అయ్యారు. ప్రభుత్వ దర్యాప్తులు ఎదుర్కొనే కంపెనీలకు సలహా ఇవ్వడం అలాంటి సంస్థల పనుల్లో ఒకటి. సదరన్ డిస్ట్రిక్ట్‌లో ఆ కుర్చీ దిగినవాళ్లు నడిచే దారి అది. ఆయనకు ముందూ నడిచారు, ఎవరూ వింతగా చూడలేదు.