స్పీడు తగ్గితే ప్రాసెసర్ పోయినట్టేనా?
స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఉంటే ప్రాసెసర్ (కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్) పాడైనట్టే అని ఒక వ్యాసంలో రాశారు, అది సరికాదండీ. పర్లాకిమిడిలో మా జిరాక్స్ షాపు ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-8250యు. పేరుకు దాని స్పీడు 1.6 గిగాహెర్ట్జ్. ఒడియాలో ఉన్న పట్టా కాగితాలు పీడీఎఫ్ చేయమంటే ఒక్క క్షణం 3.4 దాకా ఎగబాకుతుంది, బేరాల్లేక ఖాళీగా ఉంటే ఒకటి లోపుకి దిగిపోతుంది. ఈ స్పీడుకి ఆధారమైన మూల క్లాక్ (లోపలి గడియారం టిక్‌టిక్) 100 మెగాహెర్ట్జే. దాన్ని 34తో గుణిస్తే 3400 మెగాహెర్ట్జ్, అంటే 3.4 గిగాహెర్ట్జ్. చిప్ మార్చేది ఆ గుణకాన్నే. స్పీడుతో పాటు వోల్టేజీ కూడా దిగుతుంది, కరెంటు ఖర్చు వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది కాబట్టి బ్యాటరీ, వేడి రెండూ కలిసొస్తాయి.

మే నెలలో మాత్రం మాది ఎంత పని ఇచ్చినా 1.2 దగ్గరే నీలిగేది. విప్పి చూస్తే ఫ్యాన్ వెనక దుమ్మూ కాగితప్పొడీ కలిసి దూదిపరుపులా పేరుకుంది! గాలాడక వేడెక్కి, చిప్ తనంతట తానే స్పీడు తగ్గించుకుంటోందన్నమాట. బ్రష్‌తో దులిపి, చిప్ మీద వేడిని బయటికి లాగే పేస్టు ఎండిపోతే దాన్ని మార్చాక మళ్లీ 3 దాటింది. అంతకుముందు బరంపురంలో ఒకాయన మదర్‌బోర్డే మార్చాలన్నాడు.