టైర్లు మారిస్తే సగం పనే
ముందూ వెనకా షాక్‌లున్న పాత ఫుల్ సస్పెన్షన్ సైకిల్‌కి సన్నటి, నున్నటి స్లిక్ టైర్లు ఎక్కిస్తే తారు రోడ్డుకు సిద్ధమైనట్టేనని ఒక వ్యాసంలో రాశారు. అది సగం పనే. 26×2.1 అంగుళాల టైర్లు తీసి 26×1.5 వేస్తే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) సుమారు 15 మి.మీ. కిందికి దిగుతుంది. పైగా వెనక షాక్ మెత్తగా ఉంటే మలుపులో పెడల్ నేలకు తగులుతుంది, తొక్కిన బలంలో కొంత ఊగడానికే పోతుంది. 165×38 (పొడవు 165 మి.మీ., నొక్కుకునే దూరం 38 మి.మీ.) ఎయిర్ షాక్ అయితే, ఎక్కి కూర్చున్నప్పుడు షాక్ కడ్డీ మీది రబ్బరు ఓ-రింగు గట్టు దారికి 9–10 మి.మీ., రోడ్డుకు 6 మి.మీ. జరిగేలా గాలి పెట్టాలి. అదీ ఎక్కువ ప్రెషర్ ఇచ్చే షాక్ పంపుతోనే. అసలు మన డెల్టాలో ముందు చూడాల్సింది పివట్ బేరింగులు, అంటే వెనక ఫ్రేము కదిలే కీళ్లలోని బేరింగులు. కోనసీమ కాలువ గట్ల బంకమన్ను బేరింగును మూసే సీలు అంచున పట్టి ఎండిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపైతే ఉప్పుగాలి కూడా తోడై లోపల తుప్పు మొదలవుతుంది. షాక్ బోల్టు విప్పి వెనక ఫ్రేమును చేత్తో పైకీ కిందికీ ఆడించండి. గరగరలాడినా, పక్కకు కదిలినా బేరింగులు మార్చాల్సిందే. చాలావాటికి సీలు మీద 6900, 6902 లాంటి నంబరు ఉంటుంది. మోటారు బేరింగులమ్మే షాపులో అదే నంబరు చెప్పి, రెండువైపులా రబ్బరు సీలున్న 2ఆర్‌ఎస్ రకం అడగండి. ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద సుత్తి దెబ్బ పడకూడదు, గోళీల దారి అప్పుడే పాడైపోతుంది. బయటి రింగుకు సరిపోయే సాకెట్ పెట్టి, పొడుగు బోల్టు బిగిస్తూ నెమ్మదిగా లోపలికి లాగాలి. తర్వాత బురద వదిలించడానికి బకెట్ నీళ్లు, బ్రష్ చాలు. సర్వీస్ సెంటర్లో ప్రెషర్ వాటర్ కొట్టిస్తే కొత్త సీలు దాటి కూడా నీళ్లు లోపలికి పోతాయి.