పదివేల అడుగుల లక్ష్యం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పదివేల అడుగుల లక్ష్యం గారి దివ్యసముఖమునకు,

విశాఖపట్నం వాస్తవ్యుడొకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. రోజుకు పదివేల అడుగులు నడవమనే తమరు, అడుగులు లెక్కించే చేతి గడియారంలో చేరి నా మణికట్టు మీదనే కాపురముంటున్నారు గనుక, గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నదీ, రాత్రి ఎంతసేపు పక్క మీద దొర్లినదీ సహా నా క్షేమసమాచారాలన్నీ నాకన్న తమకే బాగా తెలుసు. అందుచేత నేరుగా విషయానికి వస్తాను.

తెల్లవారుజామున రామకృష్ణా బీచ్ రోడ్డు మీద, కాళీమాత గుడికీ కురుసుర జలాంతర్గామికీ నడుమ తిరిగే జనాన్ని తమరు రోజూ లెక్కిస్తూనే ఉన్నారు. మాది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలో నుంచి లేస్తాడు. అంతటి వాడు ఎర్రగా పైకి వస్తుంటే, తమ భక్తులు తల వంచుకుని మణికట్టు చూసుకుంటున్నారు. జాలరులు ఒడ్డు నుంచి వల లాగుతున్నప్పుడు పూర్వం నడకకు వచ్చినవారు కాసేపు ఆగి, ఏం పడిందో తొంగి చూసి, కొనే ఉద్దేశం బొత్తిగా లేకపోయినా కానాగంతల ధర అడిగి, ఎక్కువ చెబుతున్నారని నొచ్చుకుని మరీ ముందుకు కదిలేవారు. ఆగి నిలబడినందుకు తమ ఖాతాలో ఒక్క అడుగైనా జమ కాదని తెలిసిన తరువాత ఆ బేరాలు తగ్గిపోయాయి. ఎదురుపడిన స్నేహితుడితో కూడా నడుస్తూనే మాట్లాడాలి; అతడు ఎదురుదిక్కుకు పోతున్నాడంటే స్నేహం మరునాటికి వాయిదా.

తమ పాలనలో చిత్రాలు ఇంకా ఉన్నాయి. మా అపార్ట్‌మెంటులో ఒక పెద్దాయన రాత్రి పదకొండు గంటలకు, తమకు చెల్లించవలసిన బాకీ రెండు వందల అడుగులు మిగిలిందని, వంటింటికీ హాలుకూ మధ్య పచార్లు చేస్తూ నిద్రపోతున్న ఇంటిల్లిపాదినీ లేపుతారు. మరొకాయన సోఫాలో కూర్చుని సీరియల్ చూస్తూ చెయ్యి ఊపుతారు, దాన్ని తమరు నడకగానే రాసుకుంటారు. ఎంవీపీ కాలనీ రైతు బజారులో రెండు చేతులా బరువైన సంచులు పట్టుకుని నడిచే ఇల్లాలి అడుగులు మాత్రం, చెయ్యి ఊగదు గనుక, తమ లెక్కలో చాలావరకు జారిపోతాయి. ఇంత అన్యాయమైన పద్దు మా ఊరి కిరాణా కొట్టులో కూడా రాయరు.

తమ వంశచరిత్ర కొంచెం విచారించాను. 1964 టోక్యో ఒలింపిక్స్ సందడి ఇంకా చల్లారకముందే, 1965లో జపానులో యమాసా అనే సంస్థ అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్మకానికి పెట్టి, తమరిని లోకానికి పరిచయం చేసింది. అంటే తమ పుట్టుక అంగడిలోనే గాని ప్రయోగశాలలో కాదు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న పదహారు వేలకు పైగా స్త్రీలను పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసినవారికన్న 4,400 వేసినవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి; 7,500 దాటాక అదనపు మేలు పెద్దగా కనబడలేదు. ఆ పై రెండున్నర వేలూ తమ దర్జా కోసమే కాబోలు.

నాకు అంతకన్న ముఖ్యమని తోచినది మరొకటి. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జోర్డాన్ ఎట్కిన్ 2016లో ప్రచురించిన ప్రయోగాలలో, అడుగులు లెక్కపెట్టుకున్నవారు ఎక్కువ నడిచారు, కానీ ఆ నడకను తక్కువ ఆస్వాదించారు. సరదాగా చేసే పని కొలత పెట్టగానే కొలువులా మారిపోయిందన్నమాట. కుర్చీలో నుంచి లేవని మనిషిని లేపి నడిపించిన పుణ్యం తమకు ఉన్నది, కాదనను. అయితే నడకంటే ఇష్టమున్నవాడి మీద కూడా గుమాస్తాను కూర్చోబెట్టడం దేనికి?

మా సింహాచలం గిరి ప్రదక్షిణకు తమరు ఒకసారి వచ్చే ఉంటారు, ఎవరో ఒకరి చేతికి చుట్టుకుని. కొండ మెట్లు మొదలయ్యే తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన లక్షల జనం, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి మళ్లీ కొండ దగ్గరికే చేరుతారు. తమ లెక్కకు నలభై వేల పైచిలుకు అడుగులు. మొక్కు ఉన్నవారికి అదీ ఒక లక్ష్యమేనని తమరు వాదించవచ్చు, వినడానికి బాగానే ఉంటుంది. కానీ దారిలో ఎవరో తెలియని వారు చేతిలో పెట్టిన మజ్జిగ, పులిహోర, తడిసిన బట్టలతోనే సాగే భజన, కాళ్లు లాగుతున్నాయని ఒకరితో ఒకరు చెప్పుకుని నవ్వుకోవడం, వీటి కోసం మొక్కు లేనివారు కూడా ఏటా వస్తారు. తమరు మాత్రం పావు దారిలోనే గజగజ వణికి, రంగుల పటాసులు కాల్చి, పని పూర్తయినదని అభినందనలు తెలుపుతారు. మిగిలిన నాలుగింట మూడు వంతుల కొండ అప్పుడు ఎవరిదండీ?

కావున నా విన్నపమేమనగా, గడియారంలో తమకున్న గదిని ఖాళీ చేయించను. గంట చెప్పే పని దానికి ఎలాగూ ఉన్నది. ఉదయం ఐదు నుంచి ఏడు వరకూ మాత్రం తమరు సెలవు తీసుకోవలెను. ఆ వేళలో నేను ఎక్కడ ఆగినా, ఎవరితో ఎంతసేపు చేపల ధర మాట్లాడినా సంజాయిషీ అడగరాదు. ప్రత్యుత్తరమివ్వదలచినచో మణికట్టు మీద వణకకుండా, టపాలో పంపగలరు.

ఇట్లు,
తమ పద్దులో ఎప్పుడూ కొన్ని అడుగులు తక్కువగానే ఉండే
ఒక విశాఖవాసి