ఉగాది క్విజ్: ఒక శాంతిభద్రతల సమస్య

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో తెలుగు సంఘాల ఉగాది వేడుకల్లో పచ్చడిలో వేపపువ్వు లేకపోయినా ఎవరూ నోరెత్తరు. క్విజ్‌లో అయిదు మార్కులు తేడా వస్తే మాత్రం వాట్సాప్ గ్రూపు శ్రీరామనవమి దాకా చల్లారదు. ఇంతటి సున్నితమైన శాఖను కమిటీలు ఏటా ఎవరికి అప్పగిస్తున్నాయి? మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి. ప్రశ్నలేమో ముందు రోజు రాత్రి ఫోన్లోంచి దించినవి. కేటాయించిన సమయం, కూచిపూడికీ భోజనాలకీ మధ్య దొరికిన అరగంట.

1983లోనే కర్ణాటక క్విజ్ అసోసియేషన్ పుట్టిన ఊరిది. పైసా లాభం లేని సంగతుల కోసం సెలవు రోజున తెల్లారే లేచి వచ్చే మహానుభావులున్న ఊరు. అలాంటి చోట, వైట్‌ఫీల్డ్ క్లబ్‌హౌస్‌లో ఇంకా ‘ముందు చెయ్యెత్తిందెవరు’ అన్న ఆటవిక న్యాయం నడవడం జాతికే తలవంపులు.

ముందుగా నిషేధించాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ‘ఆంధ్రకు తొలి ముఖ్యమంత్రి ఎవరు?’ అని మాత్రం అడక్కండి. 1953 అక్టోబర్ 1 లెక్కలో టంగుటూరి ప్రకాశం, 1956 నవంబర్ 1 లెక్కలో నీలం సంజీవరెడ్డి. 2014తో లెక్క మళ్ళీ మొదలైందనే మూడోవాడు వెనక వరసలో ఎప్పుడూ ఉంటాడు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీ అడిగారా, ఆ పూటకి భోజనాల్లేనట్టే. పాతతరం 1931 సెప్టెంబర్ 15 దగ్గర ఆగుతుంది. కాదు, 1932 ఫిబ్రవరి 6 అని ఆధారాలతో తేల్చిన పరిశోధన ఇంకొకాయన ఫోన్లో సిద్ధంగా ఉంటుంది. ఇక ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అన్నదెవరు? క్విజ్ మాస్టర్ కార్డు మీద శ్రీకృష్ణదేవరాయలే. కానీ ఆ మాట అంతకుముందటి క్రీడాభిరామం కావ్యంలోనూ ఉంది. ఆ సంగతి తెలిసిన తెలుగు మేష్టారొకరు, రిటైరై కొడుకు దగ్గరికొచ్చి ఉంటున్నాయన, ప్రతి బ్లాకులోనూ ఉంటారు. ఆయన లేచి నిలబడ్డాక కూర్చోబెట్టే నిబంధన ఏ అసోసియేషన్ పుస్తకంలోనూ లేదు.

మరి మంచి ప్రశ్న ఎలా ఉండాలి? జవాబు తెలియనివాడు కూడా తడుముకుంటూ దగ్గరికి రాగలగాలి. ‘ఏటా సెప్టెంబర్ 15న ఇంజనీర్లు తలుచుకునే ఈయన పుట్టింది ముద్దెనహళ్ళిలో. ఇంటిపేరు మాత్రం మన గిద్దలూరు ప్రాంతపు పల్లె పేరు. ఇంటిపేరు చెప్పండి.’ విశ్వేశ్వరయ్య అని ఒకరు గొణుగుతారు, ఎం అంటే ఏమిటని ఇంకొకరు గోళ్ళు కొరుకుతారు, ‘మోక్షగుండం’ అని మూడో మనిషి కుర్చీలోంచి లేస్తాడు. ఈ పది సెకన్ల కోసమే ఇంత తతంగమూ. (పుట్టిన ఏడాది అడక్కండి. 1860 అనేవాళ్ళూ ఉన్నారు, 1861 అనేవాళ్ళూ ఉన్నారు.)

ఇక విధివిధానాలు. ప్రిలిమ్స్ కాగితం మీద జరగాలి: ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి ముప్పై సెకన్లు, ఆఖర్న అన్ని స్లైడ్లూ ఒకసారి తిరగేయాలి. వాటిలో అయిదు ప్రశ్నలకి స్టార్ గుర్తు పెట్టండి, మార్కులు సమానమైతే ఆ స్టార్ ప్రశ్నల్లో ఎక్కువ ఒప్పులున్నవాళ్ళే ముందు. దిద్దడానికి పక్క జట్టుకే ఇవ్వండి. శత్రువు కన్నా నిక్కచ్చిగా దిద్దేవాడు దొరకడు. ఫైనల్‌కి ఆరు జట్లు చాలు.

ఫైనల్‌లో ‘మీ ప్రశ్న మీకు, మా ప్రశ్న మాకు’ పద్ధతి వద్దు. అందులో బలహీన జట్టు పక్కన కూర్చున్నవాడికి పాసైన ప్రశ్నలన్నీ ప్రసాదంలా అందుతాయి. బౌన్స్ పెట్టండి: ఒక జట్టు చెప్పలేకపోతే ప్రశ్న పక్క జట్టుకి దూకుతుంది; ఎవరు సరిగ్గా చెబితే, తర్వాతి ప్రశ్న వాళ్ళ పక్క జట్టు నుంచి మొదలు. ఇందులో గట్టి జట్టు పక్కవాడు సుఖపడతాడు కాబట్టి సగంలో దిశ తిప్పేయాలి. పౌన్స్ (వంతు కోసం ఆగకుండా ముందే దూకడం) కావాలంటే, వంతు వచ్చిన జట్టు నోరు తెరవకముందే చీటీ మీద జవాబు రాసిచ్చినవాళ్ళకి ఒప్పయితే పది, తప్పయితే మైనస్ అయిదు. ఇక్కడే కొంపలు మునిగేది. రెండు జట్లకొక వలంటీరు లేకపోతే చీటీలు ఆలస్యంగా అందుతాయి. వంతు వచ్చిన జట్టు ఈలోపు నోరు తెరుస్తుంది, అది విన్నాక రాసిన చీటీలో కొట్టివేతల కింద కొత్త జవాబు మెరుస్తుంది. ‘పౌన్స్ అయిపోయింది’ అని మైకులో చెప్పేదాకా ఎవరూ పెదవి కదపకూడదు.

ముప్పై ఆరు ప్రశ్నలకి, ఒక్కోదానికి రెండున్నర నిమిషాల చొప్పున గంటన్నర. కూచిపూడి వాళ్ళకి ముందే చెప్పుకోండి.

ప్రేక్షకుల్లో కూర్చుని కొడుక్కి జవాబందించే తండ్రుల్ని చట్టం ఏమీ చేయలేదు. అరిచిన ప్రశ్న రద్దు చేసి కొత్తది వేయడమే మార్గం. దానికి ఆరు అదనపు ప్రశ్నలు జేబులో ఉంచుకోండి. తండ్రులు ఎక్కువుంటే పది. క్విజ్ మాస్టర్ బావమరిది ఏ జట్టులో ఉన్నాడో మొదట్లోనే ప్రకటించాలి. ఫలితాలు మాత్రం భోజనాలయ్యాకే. ముందు చెబితే రెండో స్థానంలో వచ్చినవాళ్ళ కోపమంతా పులిహోర మీదకి మళ్ళుతుంది, కేటరింగ్ వాడికి బాకీ ఆగిపోతుంది.