ఇకపై మన ఊరు హ్జ్‌డెరాబాద్

ఊరి పేరు మార్చాలా వద్దా అని ఎన్నికలకోసారి గొంతు చించుకునే పెద్దలకు ఒక విన్నపం. మీరు చర్చలో ఉండగానే పేరు మారిపోయింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు దిగే సెకండ్ హ్యాండ్ లాప్‌టాపుల్లో అప్పుడప్పుడూ జర్మన్ కీబోర్డుతో ఒక జర్మనీ పీసు ఉంటుంది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు అడ్రసులో హెచ్ తర్వాత జెడ్ వేసి 'హ్జ్‌డెరాబాద్' అని రాస్తున్నారు. వాళ్లుండేది మిజాపూర్‌లో, ఆదివారం తినేది బిర్జానీ. జనం ఒక పేరుకు ఇంత స్వచ్ఛందంగా ఒప్పుకున్నాక ఇక గెజిట్‌లో అచ్చేయడమే ఆలస్యం.

జర్మన్లను తప్పుపట్టలేం. వాళ్ల భాషలో వై కనబడడమే గగనం, జెడ్ మాత్రం మాటకోసారి తగులుతుంది. అందుకని కీబోర్డులో జెడ్‌ను పైవరుసలో టీ పక్కన, మన వై ఉండే చోట, పీటేసి కూర్చోబెట్టి, వైని ఎడమ షిఫ్ట్ దగ్గర గుమ్మం బయట ఉంచారు. మనకేమో వై లేనిదే ఎదుటివాణ్ని పిలవడానికి నోరు రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు రప్పించుకునేవాళ్లకు 'అయ్యా' కాస్తా 'అజ్జా' అవుతుంది, 'చెయ్యండి' 'చెజ్జండి' అవుతుంది. 'మజా' అని కొడితే 'మాయ' వస్తుంది. ఇది మాత్రం తప్పని ఏ వేదాంతీ అనడు.

కొన్నచోట అడిగితే జవాబు తయారుగా ఉంటుంది: "జర్మనీ పీసన్నా, కీబోర్డొక్కటే జర అట్లుంటది. స్టిక్కర్ ఏస్కుంటే అయిపాయె." అసలు సంగతేమిటంటే, కీబోర్డుకు అక్షరజ్ఞానం లేదు. మీట నొక్కితే అది ఒక నంబరు పంపుతుంది, ఫలానా చోట ఉన్న మీట నొక్కారని. ఆ నంబరుకు ఏ అక్షరం ఇవ్వాలో తేల్చేది విండోస్. మీట మీదున్నది ఉత్త పెయింటు. బోర్డు మీద మెహిదీపట్నం అని ఉన్నా, డ్రైవరు ఉప్పల్ వైపు తిప్పితే బస్సు ఉప్పలే పోతుంది. విండోస్‌ను జర్మన్‌లో వదిలేస్తే, చూడకుండా కొట్టేవాడి వేలు అలవాటైన చోటికి వెళ్లి జెడ్ తెస్తుంది. ఇంగ్లీషులో పెడితే, చూసి కొట్టేవాడు వై అని రాసున్న మీటను వెతికి మరీ నొక్కి జెడ్ తెచ్చుకుంటాడు. ఎటునుంచి బయల్దేరినా దిగేది హ్జ్‌డెరాబాద్‌లోనే.

తప్పు దిద్దుకోబోతే అసలు వినోదం. ఎడమ మూల కంట్రోల్ ఉండాల్సిన చోట 'ఎస్ టీ ఆర్ జీ' అని ఉంటుంది. అది కంట్రోలే, జర్మన్ వేషంలో. సరే అని దాన్ని పట్టుకుని, చేసిన పనిని వెనక్కి తీసే కంట్రోల్ జెడ్ కోసం మన జెడ్ ఉండే చోట నొక్కుతారు. జర్మన్ అమరికలో అక్కడున్నది వై. కంట్రోల్ వై అంటే వర్డ్‌లో చివరి పనిని మళ్లీ చెయ్యమని. పొరపాటున అతికించిన పేరాను తీసేద్దామని నొక్కితే అదే పేరా ఇంకోటి అతుకుతుంది. కంగారులో నాలుగుసార్లు నొక్కినవాడి సెలవు చీటీ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథమవుతుంది.

మెయిల్ అడ్రసులో ఎట్ ది రేట్ కోసం షిఫ్ట్, 2 నొక్కితే కొటేషన్ పడుతుంది. కావలసింది స్పేస్ బార్ కుడిపక్కనున్న ఆల్ట్ జీఆర్ పట్టుకుని క్యూ. మాదాపూర్‌లో కోడ్ రాసే పిల్లలకు ఫ్లవర్ బ్రాకెట్లు కావాలంటే అదే ఆల్ట్ జీఆర్‌తో 7, 0. ఫ్రెంచ్ పీసు తెచ్చుకున్నవాళ్ల గోడు వేరు. అంకెలకు కూడా షిఫ్ట్ పట్టుకోవాలి, ఓటీపీ గడువు మాత్రం ఆగదు. అలవాటుగా అమీర్‌పేట అని కొడితే ఏ బదులు క్యూ, ఎమ్ బదులు కామా. రెండో అక్షరం దగ్గరే ఊపిరి తీసుకోమంటుంది.

స్టిక్కర్ల వైద్యమూ చూద్దాం. ఎఫ్, జే మీద వేళ్లకు ఆనవాలుగా ఉండే చిన్న గీతలు స్టిక్కరు కింద పడిపోతాయి, బ్యాక్‌లైట్ ఆరిపోయినట్టుంటుంది, ఏప్రిల్ చెమటకు అంచులు లేస్తాయి. మీటలు పీకి అటుదిటు పెడదామంటే కింద కత్తెరలాంటి ప్లాస్టిక్ క్లిప్పు విరుగుతుంది. కీబోర్డే మార్చేద్దామంటే, యూరప్ ఎంటర్ మీట రెండు వరుసల పొడవు. సి ప్యానెల్‌లో, అంటే మీటల చుట్టూ ఉండే పై మూతలో, రంధ్రాలు దానికి తగ్గట్టే కోసి ఉంటాయి కాబట్టి ప్యానెలూ మార్చాలి. పైగా ఎడమ షిఫ్ట్ సగానికి కుంచించుకుపోయి, పక్కన ఒక అదనపు మీట ఉంటుంది. ఇంగ్లీషు అమరికలో అది బ్యాక్‌స్లాష్. చిటికెన వేలు షిఫ్ట్ అనుకుని దాన్నే పొడుస్తుంది.

మరో దారి లేకపోలేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్. ఇంగ్లీష్ ఇండియా చేర్చి, జర్మన్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి రిమూవ్. తీసెయ్యకుండా ఉంచితే ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిసి తగిలినప్పుడల్లా జర్మనీ తిరిగొస్తుంది. లాగిన్ తెర ఒక్కోసారి జర్మన్‌లోనే మిగిలిపోతుంది. అక్కడ పాస్‌వర్డు చుక్కల చాటున నిజాం పోయి నియమం వస్తుంది, తలుపు తెరుచుకోదు. దానికి అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో కాపీ సెట్టింగ్స్ తెరిచి, వెల్‌కమ్ స్క్రీన్ గడిలో టిక్కు పెట్టాలి. ఆ తర్వాత మీటల మీద ఏం రాసుందో చూడడం మానెయ్యాలి. 1991లో భారత ప్రమాణాల్లోకి ఎక్కిన ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికను నేర్చినవాళ్లు చేసేది అదే. వాళ్ల మీటల మీద తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు. అయినా మన ఇంగ్లీషు మీటల లెక్కలో ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ నొక్కితే తెలుగు అని పడుతుంది.

కానీ ఇన్ని మెట్లు ఎక్కమని ప్రజలను ఇబ్బంది పెట్టడం ఏ ప్రజాప్రభుత్వానికీ తగదు. అంతకంటే స్టేషన్లు, బస్సులు, ఆధార్ కార్డుల మీద పేరు మార్చడమే తేలిక.

కావున అజ్జా, పై విషజాలన్నీ దజతో పరిశీలించగలరు.

ఇట్లు,
తమ విధేజుడు